చెట్టు ఆకుల మీద మచ్చలొచ్చాయా? మందు కొట్టేముందు ఆకు తిప్పి చూడండి

ఇష్టంగా పెంచుకున్న పూలచెట్టుకి ఒకరోజు పొద్దున్నే ఆకుల మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఆ కంగారులో మనం చేసే మొదటి పని ఏంటంటే చేతికందిన మందు డబ్బా తీసి కలిపి కొట్టేయడం. నేనూ అదే చేశానండి. మా దేవగన్నేరు ఆకులు పసుపు చుక్కలు పడి రాలిపోతుంటే పురుగు అనుకుని రెండుసార్లు పురుగుమందు కొట్టాను, ఏమీ తగ్గలేదు. మూడో వారంలో కింద పడిన ఆకు ఒకటి ఏరి చెత్తలో వేద్దామని పట్టుకుంటే వేళ్ళకి నారింజరంగు పొడి అంటుకుంది, తిప్పి చూస్తే అడుగువైపంతా కుంకుమ చల్లినట్టు సన్నసన్న పొక్కులు. అది తుప్పు తెగులు, అంటే ఫంగస్. దానిమీద పురుగుమందు కొట్టినా ఒకటే, మంచినీళ్ళు కొట్టినా ఒకటే. మూడు వారాలు పోయాయి, చెట్టు సగం బోడైంది.

ముందుగా ఒక మాట బాగా గుర్తుపెట్టుకోండి, మచ్చ పడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. ఏ మందు కొట్టినా అంతే. మందు పని ఇంకా మచ్చ పడని ఆకుని, రాబోయే చిగురుని కాపాడటమే. ఇది తెలియక చాలామంది స్ప్రే చేసిన నాలుగో రోజు చూసి మచ్చలు పోలేదే అని ఇంకో మందు, దాని మీద ఇంకోటి కొడుతుంటారు, దాంతో తెగులు కంటే మందుల వల్లే ఆకు ఎక్కువ మాడుతుంది.

మొదటి పని: చెట్టు దగ్గర పది నిమిషాలు నిలబడండి

ఆకు ఒక్కటే చూడకండి, ముందు చెట్టు మొత్తం చూడండి. మచ్చలు ఎక్కడ మొదలయ్యాయి? కింద కొమ్మల్లో, లోపలివైపు, గాలి ఎండ సరిగ్గా తగలని చోట మొదలై మెల్లగా పైకి, బయటికి పాకుతుంటే ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ. అలా కాకుండా చెట్టంతా ఒకేసారి ఒకేలా అయిందంటే, లేదా ఎండ పడే వైపు మాత్రమే మాడిందంటే, లేదా పక్కనున్న వేరే వేరే జాతుల చెట్లన్నీ కూడా అలాగే అయ్యాయంటే అది తెగులు కాకపోవచ్చు. ఎండదెబ్బ, నీళ్ళు తక్కువవడం, ఉప్పు నీళ్ళు, ఎవరో కలుపుమందు కొట్టినప్పుడు గాలికి వచ్చి పడటం లాంటివి అనుమానించాలి. ఫంగస్ సాధారణంగా తనకి నచ్చిన జాతినే పడుతుంది, కనపడ్డ ప్రతి చెట్టునీ పట్టదు.

తర్వాత ఆకులు కోసుకోండి. బాగా ఎండిపోయినవి కాదు, అప్పుడప్పుడే మచ్చ మొదలైనవి రెండు, ముదిరినవి రెండు, పూర్తిగా బాగున్నది ఒకటి. పైన చూడండి, అడుగున చూడండి, వెలుతురుకి ఎత్తి పట్టి చూడండి. పదిరెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఉంటే చాలా మంచిది, లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చేసి ఫొటో తీసినా పనికొస్తుంది. మచ్చ మధ్యలో ఆవగింజలో నాలుగో వంతు ఉండే నల్లటి చుక్కలు కనిపిస్తున్నాయా? అవి ఫంగస్ తన బీజాలు దాచుకునే పొట్లాలు, అవి కనిపిస్తే ఇక దాదాపు అనుమానం అక్కర్లేదు. మచ్చలో ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు ఉన్నా ఫంగస్ వైపే మొగ్గు.

చుక్కలు కనపడలేదు, ఇంకా డౌట్ ఉంది అంటే ఒక చిన్న పరీక్ష ఉంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడిపిన టిష్యూ పేపరు పరిచి, చెట్టు నుంచి తాజాగా కోసిన మచ్చ ఆకుని దాని మీద పెట్టి మూతపెట్టి, నేరుగా ఎండ పడని చోట ఒకటి రెండు రోజులు ఉంచండి. ఫంగస్ అయితే చాలాసార్లు ఆ మచ్చ మీదే బూడిదరంగు నూగు గానీ, లేత గులాబీ నారింజ రంగులో జిగురు బొట్లు గానీ లేస్తాయి. ఆ జిగురు బొట్లు పక్షికన్ను తెగులు అంటాం కదా, ఆంత్రాక్నోస్, దానికి బాగా అలవాటు. కింద పడి ఎన్నాళ్ళో అయిన ఆకుతో ఈ పరీక్ష చేయకండి, కుళ్ళే ఆకు మీద ఏదో ఒక బూజు ఎలాగూ వస్తుంది, అది చూసి మోసపోతాం.

రెండో పని: ఏ తెగులో తేల్చుకోండి

బూడిద తెగులు అందరికీ తేలిగ్గా దొరికిపోతుంది. లేత ఆకుల మీద, మొగ్గల మీద పౌడరు చల్లినట్టు తెల్లగా ఉంటుంది, వేలితో రుద్దితే కొంత వస్తుంది, చిగుళ్ళు ముడుచుకుపోతాయి. క్రేప్ మర్టిల్ అనే పూలచెట్టు, గులాబీ లాంటి వాటికి ఇది మామూలు. మిగతా ఫంగస్‌లకీ దీనికీ పెద్ద తేడా ఒకటుంది. మిగతావి చాలావరకు ఆకు మీద నీళ్ళు నిలిస్తేనే మొలుస్తాయి, దీని బీజంలో మాత్రం మొలవడానికి చాలినంత తేమ దాని దగ్గరే ఉంటుంది. అందుకే వాన లేకపోయినా, పగలు వెచ్చగా రాత్రి చల్లగా ఉండి గాలిలో తేమ ఉంటే చాలు, నీడపట్టున ఉన్న చెట్టుకి వచ్చేస్తుంది.

తుప్పు తెగులు సంగతి పైన చెప్పాను, పైన పసుపు చుక్క, సరిగ్గా దాని అడుగున నారింజ పొడి. తెల్ల కాగితం మీద ఆకు అడుగువైపు పెట్టి రుద్దండి, కాగితానికి రంగు అంటితే తుప్పే. దేవగన్నేరుకి వచ్చేది కోలియోస్పోరియం ప్లుమేరియే అనే రకం, దానికి కావాల్సింది దేవగన్నేరే, పక్కనున్న మీ మందారానికో గులాబీకో అంటుకోదు. కొన్ని తుప్పు రకాలకి మాత్రం రెండు వేరు వేరు చెట్లు కావాలి. ఆపిల్ జాతి చెట్లకొచ్చే సీడార్ తుప్పు ఒక దఫా జూనిపర్ అనే చెట్టు మీద, ఇంకో దఫా ఆపిల్ మీద బతుకుతుంది.

ఆకుమచ్చ తెగులు అంటే సెర్కోస్పోరా, ఆల్టర్నేరియా లాంటి ఫంగస్‌ల వల్ల వచ్చేది. గుండ్రటి మచ్చలు, మధ్యలో బూడిదరంగో గోధుమరంగో, అంచు ముదురుగా, చుట్టూ పసుపు వలయం. ఒక్కోసారి మధ్యభాగం ఎండి రాలిపోయి ఆకుకి చిల్లు పడుతుంది, మనం పురుగు తినేసిందనుకుంటాం. పక్షికన్ను తెగులు ఎక్కువగా ఈనెల వెంబడే ఎండుకుంటూ పోతుంది, లేత రెమ్మలు కూడా చచ్చిపోతాయి. సైకమోర్ చెట్టుకి వచ్చే రకమైతే చిగురేసే రోజుల్లో వాతావరణం చల్లగా, సగటున 10 నుంచి 13 డిగ్రీల మధ్య, తడిగా ఉంటే చెలరేగిపోతుంది, 16 డిగ్రీలు దాటితే పెద్దగా ఏం చేయలేదు. మేపుల్ ఆకుల మీద తారు చుక్క పడినట్టు నల్లగా, ఉబ్బెత్తుగా మచ్చలు వస్తే దాన్నే తారు మచ్చ అంటారు, చూడటానికి భయంగా ఉంటుంది గానీ చెట్టుకి జరిగే నష్టం చాలా తక్కువ.

ఇక నల్లగా మసి పట్టినట్టు ఉండేది. తడిగుడ్డతో ఆకు తుడవండి. మసి లేచిపోయి కింద ఆకు పచ్చగా ఉంటే ఆ ఫంగస్ ఆకు లోపలికి పోలేదని అర్థం. పేనుబంక, పిండినల్లి, పొలుసు పురుగు లాంటివి వదిలిన తియ్యటి జిగురు మీద అది పెరుగుతోంది. ఇక్కడ ఫంగస్ మందు దండగ, పురుగు సంగతి చూస్తే మసి దానంతటదే పోతుంది. కొమ్మల మీద చీమలు బారులు కట్టి తిరుగుతున్నాయంటే పైన ఆ పురుగు ఉన్నట్టే.

ఫంగస్‌లా కనిపించి కానివి ఇంకొన్ని ఉన్నాయి. మచ్చ గుండ్రంగా కాకుండా ఈనెల మధ్య ఇరుక్కుని మూలలు మూలలుగా ఉండి, వెలుతురుకి పట్టుకుంటే నూనె అంటిన కాగితంలా కనిపిస్తే బాక్టీరియా అయ్యుండొచ్చు. లేత ఆకులు పసుపైపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. వంకర టింకర తెల్లగీతలు ఉంటే ఆకు లోపల తొలుచుకుంటూ పోయే పురుగు. కానుగ ఆకుల మీద బొడిపెలు వస్తే అది కంటికి కనపడనంత చిన్న నల్లి పని. ఆకుల అంచులు మాత్రమే సమానంగా మాడితే ముందు వేళ్ళ దగ్గర నీటి సంగతి చూసుకోండి.

మూడో పని: అసలు ఏమైనా చేయాలా వద్దా

ఈ ప్రశ్న ఎవరూ వేసుకోరు, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నాటి ఏళ్ళు గడిచిన ఆరోగ్యమైన చెట్టు, ఆకులు రాల్చే కాలం దగ్గర పడుతోంది, పావు వంతు ఆకులకి మచ్చలున్నాయి అంటే మందు కొట్టకండి. ఆ ఆకులు ఈ సీజన్‌లో చేయాల్సిన పని చాలావరకు చేసేశాయి, ఎలాగూ రాలిపోతాయి. ఇప్పుడు మందు కొడితే డబ్బు, శ్రమ తప్ప చెట్టుకి ఒరిగేదేమీ లేదు.

మందు అవసరమయ్యేది ఎప్పుడంటే, చెట్టు నాటి రెండు మూడేళ్ళే అయినప్పుడు, లేదా వరసగా రెండు మూడు సీజన్లు ముందే ఆకు మొత్తం రాల్చేసి నీరసపడినప్పుడు, లేదా తెగులు ఆకుతో ఆగకుండా రెమ్మల్ని చంపుతున్నప్పుడు. డాగ్‌వుడ్ అనే పూలచెట్టుకి వచ్చే ఆంత్రాక్నోస్ లాంటివి ఆకుతో మొదలై కొమ్మలోకి దిగి చెట్టునే చంపేస్తాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. పైన్ లాంటి సూదాకుల చెట్లతో కూడా జాగ్రత్త, అవి రాలిపోయిన చోట మళ్ళీ సూదులు వేయవు, ఆ కొమ్మ అలా బోడిగానే ఉండిపోతుంది. పైన్ సూది చివర ఎండి, మొదలు పచ్చగా ఉండి, మధ్యలో ఎర్రటి పట్టీ ఉంటే డోతిస్ట్రోమా అనే తెగులు, అది వదిలేసేది కాదు.

నాలుగో పని: కింద ఆకులు ఏరండి

తెగులు పోగొట్టడంలో సగం పైగా పని చీపురుదే. రాలిన ఆకులోనే ఫంగస్ పడుకుంటుంది, మళ్ళీ చిగురేసే సమయానికి వాన చినుకు ఆ ఆకు మీద పడి చిందినప్పుడో, గాలికో బీజాలు లేచి కొత్త ఆకు మీద పడతాయి. ఆపిల్ స్కాబ్ అనే మచ్చ తెగులు గానీ మేపుల్ తారు మచ్చ గానీ ఏడాది నుంచి ఏడాదికి వచ్చేది ప్రధానంగా ఈ దారినే. అందుకని రాలిన ఆకు రాలినట్టే రెండు మూడు రోజులకోసారి ఊడ్చేయండి, పాదులో మొక్కల మధ్య ఇరుక్కున్నవి కూడా చేత్తో ఏరండి. తడిగా ఉన్నప్పుడు చెట్టు కొమ్మల్ని కదపకండి, మీ చేతులే, బట్టలే బీజాలు మోసుకెళ్తాయి.

ఆ ఆకుల్ని ఇంటి కంపోస్ట్‌లో వేయొచ్చా అని అడుగుతుంటారు. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలబడి, మధ్యలో తిరగేస్తుంటే చాలా ఫంగస్‌లు చస్తాయి, కానీ ఇంట్లో చిన్న డబ్బాలో అంత వేడి రావడం కష్టం. కాబట్టి కవర్లో కట్టి చెత్తబండికి ఇచ్చేయండి, లేదా లోతుగా పాతిపెట్టండి. సైకమోర్ ఆంత్రాక్నోస్ లాంటివి రెమ్మల్లో, మొగ్గల్లో కూడా దాక్కుంటాయి, వాటికి ఊడ్చడం ఒక్కటే సరిపోదు, కత్తెర కూడా కావాలి.

ఐదో పని: నీళ్ళు, గాలి

ఆకు ఎన్ని గంటలు తడిగా ఉంటే ఫంగస్‌కి అంత లాభం. చాలా ఆకుమచ్చ ఫంగస్‌లకి వరసగా కొన్ని గంటలు తడి దొరికితే చాలు, మొలిచి ఆకులోకి దిగిపోతాయి. మనం సాయంత్రం పైప్ పెట్టి చెట్టుకి తలస్నానం చేయించినట్టు నీళ్ళు కొడతాం చూడండి, ఆ ఆకు రాత్రంతా ఆరదు, ఫంగస్‌కి మనమే భోజనం వడ్డించినట్టు. నీళ్ళు పొద్దున్నే పెట్టండి, ఆకుల మీద కాకుండా చెట్టు మొదలు దగ్గర నేల మీద పెట్టండి. పెద్ద చెట్టుకైతే మొదలు దగ్గర కాదు, కొమ్మల అంచు నీడ పడే చోట నేల తడవాలి, నీళ్ళు పీల్చే వేళ్ళు అటువైపే ఎక్కువ ఉంటాయి. లాన్ స్ప్రింక్లర్ తిరుగుతూ చెట్టు కింద కొమ్మల్ని తడుపుతుంటే దాని దిశ మార్చండి. ఈ ఒక్క మార్పుతోనే మందు అవసరం లేకుండా తగ్గిన చెట్లున్నాయి.

పాదులో 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన ఎండు ఆకులో చెక్కపొట్టో పరిస్తే మట్టి మీద నుంచి చింది పడేది తగ్గుతుంది. తెగులు వచ్చిన ఆకులే పరచొద్దు, మొదలుకి ఆనేలా కుప్ప పోయొద్దు, అక్కడ బెరడు కుళ్ళుతుంది. యూరియా లాంటి నత్రజని ఎరువు తెగులున్నప్పుడు ఆపండి. అది చూసి చెట్టు మెత్తటి లేత చిగురు గుబురుగా వేస్తుంది, బూడిద తెగులుకి అంతకంటే ఇష్టమైనది లేదు.

గాలి కోసం కొమ్మలు కోయాలి, కానీ జాగ్రత్తగా. ఎండి ఉన్న రోజు చూసుకుని చచ్చినవి, ఒకదానికొకటి రాసుకునేవి, లోపలికి పెరిగినవి తీయండి. రెమ్మ చచ్చిపోతుంటే ఎండిన చోటు నుంచి ఒక జానెడు కిందికి, లోపల కట్టె తెల్లగా ఆరోగ్యంగా కనిపించేదాకా వెళ్ళి కోయండి. ఒక సీజన్‌లో పావు వంతు కంటే ఎక్కువ తీయకండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి వెళ్ళేముందు కత్తెరని 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి. కోసిన చోట పెయింటో తారో పూయక్కర్లేదు, చెట్టు తన గాయాన్ని తనే మూసుకుంటుంది.

ఆరో పని: మందు, నిజంగా కావాల్సి వస్తేనే

మందులు రెండు రకాలు. ఆకు మీద పొరలా ఉండి బీజం మొలవకుండా ఆపేవి, అంటే కాపర్ ఆక్సీక్లోరైడ్, మాంకోజెబ్, గంధకం లాంటివి. ఆకులోపలికి ఇంకేవి హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ లాంటివి. మొదటి రకం తెగులు రాకముందు కొట్టాలి, చిగురు విచ్చుకుంటున్నప్పుడే. రెండో రకం ఆకులో తెగులు అప్పుడప్పుడే మొదలైనప్పుడు కొంత ఆపగలదు, ముదిరాక అదీ ఆపలేదు.

మామూలుగా వాడే మోతాదు లీటరు నీటికి కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడి 3 గ్రాములు, లేదా మాంకోజెబ్ 75 శాతం పొడి 2 నుంచి 2.5 గ్రాములు. ఇవి ఆకుమచ్చకి, పక్షికన్నుకి. బూడిద తెగులుకి నీటిలో కరిగే గంధకం 80 శాతం పొడి 2 నుంచి 3 గ్రాములు. తుప్పు బాగా ఉంటే హెక్సాకొనజోల్ 5 శాతం 2 మిల్లీలీటర్లు గానీ ప్రొపికొనజోల్ 25 శాతం 1 మిల్లీలీటరు గానీ. అయితే మీ చేతిలో ఉన్న డబ్బా మీద లేబుల్ ఏం చెప్తే అదే ఫైనల్, మీ చెట్టు పేరు అందులో ఉందో లేదో కూడా చూడండి. దేశాన్ని బట్టి రూల్ మారుతుంది, యూరోపియన్ యూనియన్‌లో మాంకోజెబ్‌కి, క్లోరోథలోనిల్ అనే ఇంకో ఫంగస్ మందుకి అనుమతి తీసేశారు.

గంధకం విషయంలో ఒక హెచ్చరిక. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో కొట్టొద్దు, వేపనూనె లాంటి నూనె స్ప్రే చేసి రెండు వారాలు కాకుండా అసలు కొట్టొద్దు, ఆకు ఇస్త్రీపెట్టె పెట్టినట్టు మాడిపోతుంది.

బోర్డో మిశ్రమం ఇంట్లోనే కలుపుకోవచ్చు, ఆకులు రాలి బోడిగా ఉన్న చెట్టుకి ఇది చాలా మంచిది. పది లీటర్లకి మైలుతుత్తం 100 గ్రాములు, మంచి రాతి సున్నం 100 గ్రాములు. రెండూ వేరువేరుగా ఐదేసి లీటర్లలో ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, ఇనుప పాత్ర మాత్రం వద్దు, సున్నం వడగట్టి అందులోకి మైలుతుత్తం నీళ్ళు మెల్లగా పోస్తూ కలియబెట్టండి. ఆకాశనీలం రంగు వస్తుంది. ఇప్పుడు శుభ్రంగా తోమిన ఇనుప చాకుని ఒక నిమిషం ముంచి తీయండి, దాని మీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదు, ఇంకొంచెం సున్నపునీళ్ళు పోసి మళ్ళీ చాకు ముంచి చూడండి, పూత పడనప్పుడే వాడాలి, లేకపోతే ఆకు కాలుతుంది. కలిపిన రోజే వాడేయాలి, మర్నాటికి పనిచేయదు. ఈ మందు పుట్టిన కథ నాకు చాలా ఇష్టం. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతంలో దారిపక్క ద్రాక్షపళ్ళు జనం కోసుకుపోకుండా సున్నం, మైలుతుత్తం కలిపి చల్లేవాళ్ళు, ఆ తీగలకి మాత్రం బూజు తెగులు రాలేదని మిలార్డే అనే వృక్షశాస్త్రవేత్త 1882లో గమనించి, పరీక్షించి, 1885లో బయటపెట్టాడు.

స్ప్రే చేసేటప్పుడు గ్లవ్స్, మాస్క్, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. గాలి లేని పొద్దున పూట, ముందు ఒక చిన్న కొమ్మకి కొట్టి రెండు రోజులు ఆగి ఆకు మాడలేదని చూసుకుని అప్పుడు మొత్తానికి కొట్టండి. ఆకు అడుగు తడవాలి, అక్కడే అందరం తప్పుచేస్తాం, పైన పైన తడిపి వచ్చేస్తాం. నున్నటి మెరిసే ఆకులకైతే మందు జారిపోకుండా పట్టి ఉంచే జిగురు మందు కొంచెం కలపండి. పూలు విచ్చి తేనెటీగలు తిరుగుతుంటే ఆపండి. రాగి మందులు చేపలకి విషం, పక్కన కుంటో తొట్టో ఉంటే అందులో చుక్క పడకూడదు. 10 నుంచి 14 రోజులకోసారి, చిగురు ముదిరేదాకా, మామూలుగా రెండు మూడుసార్లు చాలు. ఆకులోకి ఇంకే మందు ప్రతిసారీ అదే కొట్టకండి, ఫంగస్ దానికి అలవాటు పడిపోతుంది, మధ్యమధ్యలో రాగి లాంటిది మార్చి కొట్టండి. కంపెనీ పేరు మారిస్తే మార్చినట్టు కాదు, లోపలి మందు పేరు చూసుకోండి, హెక్సాకొనజోల్, ప్రొపికొనజోల్ రెండూ ఒకే గ్రూపువే. చెట్టు మీకు రెండింతల ఎత్తు దాటితే నిచ్చెనెక్కి పంపు కొట్టే సాహసం వద్దు, పరికరాలున్న మనిషిని పిలవండి.

ఏటా అదే తెగులు అదే చెట్టుకి వస్తుంటే ఒక్కోసారి రకం మార్చడమే మార్గం. క్రేప్ మర్టిల్‌లో అమెరికా నేషనల్ ఆర్బోరేటమ్‌లో డొనాల్డ్ ఎగోల్ఫ్ పెంచి తీసిన నాచెజ్, మస్కోగీ లాంటి రకాలు బూడిద తెగులుని బాగా తట్టుకుంటాయి, రెండూ 1978లో వచ్చాయి. కొత్తగా నాటేవాళ్ళు రంగుతో పాటు ఇది కూడా అడిగి తెచ్చుకోండి, ఎండ బాగా తగిలే చోట, పూర్తిగా పెరిగాక ఎంత వెడల్పవుతుందో అంత దూరం వదిలి నాటండి.

ఫలితం ఎలా తెలుస్తుందంటే, మందు కొట్టిన రోజే చెట్టు నాలుగు వైపులా నాలుగు రెమ్మలకి చివరి ఆకు దగ్గర రంగుదారం కట్టండి, తేదీ రాసుకోండి. మూడు వారాల తర్వాత దారానికి అవతల పుట్టిన ఆకులు మాత్రమే చూడండి, ఇవతలి పాత మచ్చలు లెక్కలోకి రావు. కొత్త ఆకులు శుభ్రంగా ఉంటే ఇక ఆపేయొచ్చు. కొత్తవాటి మీద కూడా అవే మచ్చలుంటే మోతాదు పెంచొద్దు, తాజా మచ్చ ఆకులు కాగితపు కవర్లో పెట్టి, ప్లాస్టిక్‌లో అయితే కుళ్ళిపోతాయి, దగ్గర్లోని వ్యవసాయ లేదా ఉద్యాన కాలేజీ ల్యాబ్‌కి తీసుకెళ్ళండి. మొదలు దగ్గర పుట్టగొడుగులా గట్టి అట్టలు లేచినా, బెరడు పగిలి నీరు కారుతున్నా, ఒక పెద్ద కొమ్మ మొత్తం ఒక్కసారిగా వాడిపోయినా అది ఆకు తెగులు కాదు, మూడు వారాలు ఆగకుండా ఆ రోజే చెట్లు చూసే నిపుణుణ్ణి పిలిపించండి, ఆ కొమ్మ కింద ఎవర్నీ కూర్చోనివ్వకండి.